చక్రం మార్చకండి, టైరు మార్చండి

పాత మోడల్ ఆవిరి ఇంజన్ చక్రాలు అరిగిపోయాయని చెప్పగానే రెండు సలహాలు వస్తాయి. కొత్త చక్రాలు చేయించుకోమని ఒకరంటే, ఇక తిప్పడం మానేసి అద్దాల బీరువాలో పెట్టుకోమని ఇంకొకరంటారు. చెప్పేవాళ్లు మన మేలు కోరే చెప్తారు. అయినా ఆ రెండూ ఆ ఇంజన్‌కు అన్యాయం చేసే సలహాలే అని నా గట్టి నమ్మకం. ఆవిరి ఇంజన్లు నడిచిన రోజుల్లో రైల్వే వాళ్లు అరిగిన చక్రాన్ని పారేయలేదు, ఇంజన్‌ను మూల పెట్టలేదు. చక్రం చుట్టూ తొడిగిన ఉక్కు రింగును, అంటే టైరును, మార్చి మళ్లీ లైను మీదికి పంపారు. మోడల్‌కూ అదే న్యాయం జరగాలి. దానికి కావలసిన పనితనం మన నల్లగొండ, పాలమూరు జిల్లాల్లోనే ఉంది. హైదరాబాద్ దాకా కూడా పోనక్కర్లేదు.

మా ఇంట్లో ఉన్న ఇంజన్ మా పెద్దనాయన చేసింది. ఆయన లాలాగూడ రైల్వే వర్క్‌షాపులో ఫిట్టర్. 1893లో పెట్టిన వర్క్‌షాపు అది, నిజాం రైల్వే నాటిది. రిటైరై మహబూబ్‌నగర్ వచ్చేశాక పెరట్లో రేకుల షెడ్డు వేసుకుని ఈ పనికి కూర్చున్నాడు. మూడున్నర అంగుళాల గేజ్, అంటే పట్టాల మధ్య 89 మిల్లీమీటర్లు. ఆరు చక్రాలు, రాగి బాయిలర్. బొగ్గు వేసి, నీళ్లు పోసి, ఆవిరి పట్టిస్తేనే కదులుతుంది. చక్రాల కోసం ఆయనే చెక్కతో నమూనా చెక్కి ఫౌండ్రీలో పోత పోయించాడు. ఆకులు సన్నగా, నడుమ కుదురు గుండ్రంగా, ఒక పక్క బరువు కోసం నెలవంకలాంటి దిమ్మె. ఏ చక్రం చూసినా అది ఆయన చేతి పనే అని తెలిసిపోతుంది.

పెరట్లో పట్టాలు కూడా ఆయనే వేశాడు. ఇనుప ఫ్లాట్ బార్లను నిలబెట్టి, అడుగున చెక్క స్లీపర్లకు బిగించి, కోడిగుడ్డు ఆకారంలో ఒక లైను. ఇంజన్ ఎప్పుడూ ఎడమకే తిరిగేది, ఎందుకంటే నీళ్ల తొట్టి, కూర్చునే అరుగు ఆ వైపుకు అనువుగా ఉండేవి. ఏళ్ల తరబడి ఒకే వైపు తిరిగితే ఏమవుతుందో చక్రాల మీద రాసి ఉంది. ఎడమకు తిరిగే ఇంజన్‌కు బయటి పట్టా కుడి వైపు వస్తుంది. వంపులో ముందు ఇరుసు కుడి చక్రం అంచు, అంటే పట్టా లోపలి పక్కకు దిగి చక్రం జారకుండా కాసే భాగం, ఆ పట్టాను ఒరుసుకుంటూ పోతుంది. మా ఇంజన్‌లో ఆ ఒక్క చక్రం అంచు మిగతా అయిదింటికంటే పలచబడి, చివర కత్తి వాదరలా తేలింది.

ఇక చక్రం పట్టా మీద ఆనే భాగం సంగతి. అక్కడ బొటనవేలి గోరు పెట్టి లోపలి నుంచి బయటికి జరిపితే అంచు మొదట్లో గోరు జారి గుంటలోకి దిగుతుంది, మళ్లీ బయటి కొసకు వచ్చేసరికి ఒక చిన్న గట్టు తగులుతుంది. గుంట లోతు వెర్నియర్ మీద దాదాపు ఒక మిల్లీమీటర్. అసలు రైల్వేలో దీన్ని హాలో టైర్ అంటారు. మన రైల్వేలో ఈ గుంటకు హద్దు 5 మిల్లీమీటర్లు, అది దాటితే ఆ చక్రం లైను మీద ఉండకూడదు. పట్టాల మధ్య వెయ్యి మిల్లీమీటర్లుండే మీటర్ గేజ్‌ను 89 మిల్లీమీటర్లకు కుదిస్తే దాదాపు పదకొండో వంతు అవుతుంది. ఆ లెక్కన మోడల్‌కు హద్దు అర మిల్లీమీటర్ కూడా రాదు. మా చక్రాలు దానికి రెట్టింపు అరిగాయి. ఇంకా తిరుగుతోంది కదా, కొన్నాళ్లు పోనీ అనేవాళ్లకు ఈ లెక్కే జవాబు.

అరుగుదలను ఇంత పట్టించుకోవాలా అని అడిగేవాళ్లకు రైలు చక్రం ఎలా పనిచేస్తుందో చెప్పాలి. కారులో ఇటు చక్రం ఒక వేగంతో, అటు చక్రం ఇంకో వేగంతో తిరగ్గలదు. రైలు ఇరుసుకు ఆ సదుపాయం లేదు. రెండు చక్రాలూ ఇరుసుకు బిగిసి ఒక్కటిగా తిరుగుతాయి. మరి వంపులో బయటి చక్రం ఎక్కువ దూరం ఎలా పోతుంది? చక్రం ఆనే భాగం సమతలంగా ఉండదు, అంచు వైపు లావుగా, బయటి కొసకు సన్నగా వాలి ఉంటుంది. మన రైల్వేలో పాతకాలం నుంచి ఉన్న వాలు 20కి 1. వంపు రాగానే ఇరుసు కాస్త బయటికి జరుగుతుంది, బయటి చక్రం లావు భాగం మీద, లోపలిది సన్నని భాగం మీద నడుస్తాయి. దాంతో వంపు తిరగడం సులువవుతుంది. తిన్నని లైను మీద ఇరుసును నడిమికి తెచ్చేది కూడా ఈ వాలే. అంచు అనేది ఆఖరి కాపలా మాత్రమే. గుంట పడితే ముందు పోయేది ఈ వాలు. వాలు పోయాక భారమంతా అంచు మీద పడుతుంది, అది మరింత అరుగుతుంది. అరుగుదలే అరుగుదలను పెంచుతుంది.

ఆవిరి ఇంజన్‌లో ఇంకో చిక్కు ఉంది. ఆరు చక్రాలనూ పక్క కడ్డీలు కలిపి ఉంచుతాయి కాబట్టి అన్నీ ఒకే లెక్కన తిరగాలి. మా చక్రాల వ్యాసం మొదట 80 మిల్లీమీటర్లు, ఒక చుట్టుకు సుమారు 251 మిల్లీమీటర్ల దూరం. ఒక ఇరుసు చక్రాల వ్యాసం మిగతా వాటికంటే 0.1 మిల్లీమీటర్ తగ్గిందనుకోండి, చుట్టుకు 0.31 మిల్లీమీటర్ తేడా వస్తుంది. వంద మీటర్లు పోతే దాదాపు నాలుగు వందల చుట్లు, అంటే పన్నెండు సెంటీమీటర్లకు పైగా ఎక్కడో ఒకచోట చక్రం జారాల్సిందే. ఆ జారుడు తిన్నగా పోయి కడ్డీల కన్నాల్లో ఉండే బుష్‌ల మీద, చక్రాలకు కడ్డీలను తగిలించే పిన్నుల మీద పడుతుంది. పోయిన చక్రం ఒక్కటే మార్చుకుంటే చాలనేది ఇక్కడే తేలిపోతుంది. ఒకటి ముట్టుకుంటే ఆరూ ముట్టుకోవాలి.

హైదరాబాద్‌లో ఒక పెద్ద వర్క్‌షాపులో చూపిస్తే వెల్డింగ్‌తో గుంట నింపి మళ్లీ లేత్, అంటే తిప్పుతూ చెక్కే యంత్రం, పట్టిద్దామన్నారు. పోత ఇనుము స్వభావం తెలిసినవాళ్లు ఆ మాట అనకూడదు. పోత ఇనుములో బొగ్గుపాలు ఎక్కువ. వెల్డింగ్ వేడి తగిలి వెంటనే చల్లారిన చోట అది గాజులా పెళుసుగా, టూల్ దిగనంత గట్టిగా తయారవుతుంది. వెల్డ్ చల్లారుతూ కుంచించుకుని పక్కనున్న ఇనుమును లాగుతుంది. పోత ఇనుము నొక్కితే బాగా ఓర్చుకుంటుంది గానీ లాగితే పగులుతుంది. పెన్సిల్ మందం ఆకులున్న చక్రానికి ఆ లాగుడు చాలు. చక్రమంతా ముందే బాగా కాల్చి, నికెల్ రాడ్డుతో మెల్లగా వెల్డ్ చేసి, నిదానంగా చల్లార్చే పద్ధతి ఉంది. విరిగిన పంపు కేసింగ్‌కో, గేర్‌బాక్స్ డొప్పకో అది సరే. గుండ్రం తప్పకూడని చక్రానికి మాత్రం ఆ కాల్పు నేను ఒప్పుకోను.

గుంట పోయేదాకా లేత్ మీద చెక్కేస్తే చాలదా అంటారు. ఒకసారికి చాలుతుంది. అంచు పలచబడిన చక్రానికి మళ్లీ నిండు అంచు రావాలంటే ఆనే భాగాన్ని బాగా లోతుకు చెక్కాలి, మిగతా అయిదింటినీ ఆ కొలతకే దించాలి. అంటే అన్నిటికంటే ఎక్కువ అరిగిన చక్రమే మిగతా వాటికీ కొలత అవుతుంది. రిమ్ము మందం అంతంతమాత్రమే. ఇప్పుడు చెక్కేస్తే రేపు టైరు వేయడానికి కింద ఇనుము మిగలదు. సరైన మరమ్మతుకు దారి మూసేసే పని ఎంత చవకైనా చేయకూడదని నేనంటాను.

ఈ చిక్కు ముడి విప్పింది మిర్యాలగూడ లేత్ షాపు మేస్త్రీ. రైస్ మిల్లుల ఊరు కదా, షాఫ్టులు, పుల్లీలు, రోలర్లు పొద్దస్తమానం ఆయన చేతిమీదుగానే పోతుంటాయి. అరిగిన షాఫ్టుకు స్లీవు, అంటే పైన తొడిగే గొట్టం, వేయడం అక్కడ రోజువారీ పని. ఇరుసుతో సహా చక్రాల జత బల్ల మీద పెట్టగానే రెండు చేతులతో ఎత్తి, లేత్ రెండు మొనల (సెంటర్ల) మధ్య పట్టించి చేత్తో తిప్పి చూశాడు.

"ఇది గట్టిగున్నది గద సార్, ఎందుకు పారేస్తరు? నడిమిది మంచిగున్నది, పైదే అరిగింది. రింగేస్కుంటే అయిపాయె."

"చక్రాలు ఇరుసు నుంచి ఊడదీయాలా అన్నా?"

"ఊడదీయొద్దు. ఊడదీస్తే పిన్నుల లెక్క తప్పుతది. ఇట్లనే తిప్పుదం."

రైల్వేతో ఆయనకు ఏ సంబంధమూ లేదు. అయినా పెద్ద ఇంజన్లకు చేసినదే చెప్పాడు. మీటర్ గేజ్ మీద ప్యాసింజర్లు లాగిన వైపీ ఇంజన్ పెద్ద చక్రం వ్యాసం 1372 మిల్లీమీటర్లు. ఆ చక్రం నడిమి భాగం వేరు, పైన తొడిగిన ఉక్కు టైరు వేరు. అరిగే కొద్దీ టైరును లేత్ మీద చెక్కుతూ పోయేవారు, మందం హద్దుకు రాగానే దాన్ని తీసేసి ఇంకోటి వేడి చేసి ఎక్కించేవారు. మన ఊళ్లలో ఎడ్లబండి చక్రానికి ఇనుప పట్టా కట్టడం చూసినవాళ్లకు ఇది వేరే చెప్పక్కర్లేదు. పిడకల మంటలో పట్టాను ఎర్రగా కాల్చి, పట్టకార్లతో నలుగురూ పట్టుకొచ్చి చక్రానికి తొడిగి నీళ్లు కొడితే, చల్లారుతూ బిగుసుకుని ఆకులన్నిటినీ కుదురులోకి నొక్కి పట్టేది. బండి చక్రానికీ, రైలు చక్రానికీ పట్టు ఇచ్చేది ఆ బిగువే.

ఈ మరమ్మతులో నాకు నచ్చే సంగతి ఇక్కడే ఉంది. చల్లారిన టైరు చక్రాన్ని అన్ని వైపుల నుంచీ లోపలికి నొక్కుతుంది. పోత ఇనుముకు కావలసింది అదే. వెల్డింగ్ ఏ బలహీనత మీద దెబ్బ కొడుతుందో, టైరు దానికి సరిగ్గా ఎదురు పని చేస్తుంది.

కొలతలు ఇలా వచ్చాయి. అరిగిన చక్రాన్ని 74 మిల్లీమీటర్లకు దించాం. రిమ్ము కింద ఇంకా నాలుగు మిల్లీమీటర్ల ఇనుము మిగిలింది. లోపలి ముఖం వైపు సన్నని మెట్టు వదిలాం, రింగు వచ్చి దానికి ఆనుకుని ఆగడానికి. రింగు లోపలి వ్యాసం చక్రం కంటే తక్కువ ఉండాలి. ఎంత తక్కువ అంటే వ్యాసంలో వెయ్యో వంతుకు మించొద్దు. 74కు వెయ్యో వంతు 0.074. మా రిమ్ము పలచన కాబట్టి 0.05 మిల్లీమీటర్ దగ్గరే ఆగాం. 74 మిల్లీమీటర్ల రింగును గది వేడి మీద ఇంకో 200 డిగ్రీలు కాలిస్తే దాని వ్యాసం సుమారు 0.18 మిల్లీమీటర్ పెరుగుతుంది. బిగువు 0.05 పోగా 0.13 సందు మిగులుతుంది. తొడగడానికి అది చాలు. ఎర్రగా కాల్చాల్సిన పనే లేదు. మెరిసే ఉక్కు మీద లేత బంగారు రంగు తేలితే వేడి సరిపోయినట్టే. నీలం వస్తే ఎక్కువైనట్టు.

రింగుల కోసం ఈఎన్8 అనే మధ్యరకం కార్బన్ ఉక్కు తీసుకున్నాం. పాత బేరింగ్ బయటి రింగు వాడొచ్చు కదా అని ఎవరైనా అంటే వినకండి, అంత గట్టి ఉక్కు మీద అంచు ఆకారం చెక్కడం మామూలు టూల్‌తో కాదు. ఇంకో జాగ్రత్త కూడా మేస్త్రీ దగ్గరే నేర్చుకున్నాను. రింగును ముందే ముక్కగా కోసి లేత్‌కు ఉండే మూడు దవడల పట్టు, అంటే చక్‌లో బిగిస్తే పలచని రింగు మూడు చోట్ల నొక్కుకుపోతుంది. లోపల గుండ్రంగా బోర్ చేసినా, చక్ వదలగానే అది మూడు మూలల ఆకారానికి తిరిగి పోతుంది. అందుకే కడ్డీ మీద ఉండగానే లోపల బోర్ చేసి, మైక్రోమీటర్ పెట్టి చూసి, ఆ తర్వాతే కోసి వేరు చేయాలి.

ఎక్కించే పనికి నిమిషం కూడా పట్టదు గానీ టెన్షన్ అంతా అక్కడే. ఇసుక పోసిన ఇనుప పళ్లెంలో రింగు సమంగా వేడెక్కింది. చక్రాల జతను నిలువుగా నిలబెట్టి, రంగు తేలగానే రెండు కొక్కేలతో రింగు తీసి పైనుంచి జారవిడిచాడు. చిన్న టక్కుమనే చప్పుడుతో మెట్టు మీద కూర్చుంది. ఒంకరగా పడితే ఆ క్షణంలోనే సగం దారిలో ఇరుక్కుంటుంది, చల్లని ఇనుము తగలగానే రింగు కుంచించుకుంటుంది కాబట్టి రెండో అవకాశం ఉండదు. ఆయన చెయ్యి వణకలేదు. ఆరు టైర్లూ ఎక్కాక ఇరుసుతో సహా సెంటర్ల మధ్య పట్టించి, బ్యాక్ గేర్‌లో నిదానంగా తిప్పుతూ ఆనే భాగానికి మూడు డిగ్రీల వాలు ఇచ్చి, అంచు మొదట్లో గుండ్రం టూల్‌తో పూర్తి చేశాడు. 20కి 1 అంటే మూడు డిగ్రీలకు కాస్త తక్కువే. ఆరు చక్రాలకూ చివరి కోత ఒకే డయల్ గుర్తు మీద పడింది. ఇరుసు నడిమి నుంచే చెక్కాం కాబట్టి టైరు అటూ ఇటూ ఊగే మాటే లేదు.

వేడి చేయకుండా లాక్‌టైట్ లాంటి జిగురుతో రింగులు అతికించేవాళ్లు చాలామంది ఉన్నారు. తప్పని అనను. చిన్న మోడల్స్‌కు అది బాగా పనిచేస్తుంది, రేపు వేడి చేస్తే ఊడి వస్తుంది కూడా. బొగ్గు మంట, బ్రేకులు, మనుషులను లాగే బరువు ఉన్న ఇంజన్‌కు మాత్రం బిగువే నాకు ధైర్యం.

చక్రాలు ఊడదీయకపోవడానికి ఇంత ప్రాధాన్యం ఎందుకో చెప్పాలి. కొత్త చక్రాలు వేయించుకోమనే సలహాకు అసలు జవాబు ఇదే. ఆవిరి ఇంజన్‌లో కుడి పిన్నుకూ ఎడమ పిన్నుకూ మధ్య 90 డిగ్రీల తేడా ఉంటుంది. ఒక వైపు పిస్టన్ కొసకు చేరి ఏమీ చేయలేని చోట ఉన్నప్పుడు రెండో వైపు పిస్టన్ నిండు బలంతో తోస్తుంది. అందుకే ఇంజన్ ఎక్కడ ఆగినా మళ్లీ కదలగలదు. ఇక్కడ చాలామంది గమనించని విషయం, సరిగ్గా 90 ఉండటం కంటే మూడు ఇరుసుల మీదా ఒకే కోణం ఉండటం ముఖ్యం. మూడూ 89 డిగ్రీలైతే ఇంజన్ హాయిగా నడుస్తుంది. ఒకటి 90, ఒకటి 89 అయితే పక్క కడ్డీలు ప్రతి చుట్టులోనూ పట్టేస్తాయి. పెద్దనాయన ఈ కోణాలను ఏ జిగ్‌తో, అంటే కోణం తప్పకుండా పట్టి ఉంచే ఏ సాధనంతో, కుదిర్చాడో ఇంట్లో ఎవరికీ తెలియదు, ఆ జిగ్ మిగల్లేదు. ఆయన కుదిర్చిన పొందిక మాత్రం ఆ ఇరుసుల్లో అలాగే ఉంది. కొత్త చక్రాలు వేయడమంటే ముందు దాన్ని చెరిపేయడం.

పాతది పాతగానే ఉండాలి, మీరు అసలు ఇనుమును చెక్కి కొత్త ఉక్కు వేశారు అనే అభ్యంతరం కూడా విన్నాను. దాన్ని నేను తేలిగ్గా తీసుకోను. చెక్కక ముందు ఆరు చక్రాల అరిగిన రూపాన్నీ గీసి, కొలతలు రాసి, ఫోటోలు తీసి పెట్టాం. ఏ వైపు అంచు ఎంత అరిగిందో చూసి ఆ ఇంజన్ ఎలా బతికిందో రేపటివాళ్లు చదువుకోవచ్చు. అయితే ఆ ఇంజన్ చేసినాయన అరిగేవి మార్చుకుంటూ నడిపించే వర్క్‌షాపు మనిషి. ఆయన పనికి మనం ఇచ్చే గౌరవం ఆయన పద్ధతిలోనే ఉండాలి. బీరువాలో పెట్టిన ఆవిరి ఇంజన్‌కు బాయిలర్ లోపల ఏం జరుగుతోందో, పిస్టన్ రింగులు తుప్పు పట్టాయో లేదో ఎవరూ చూడరు. నడిపేవాళ్లే చూస్తారు.

పోత ఇనుము చక్రం పట్టాను ఉక్కు చక్రం కంటే బాగా పట్టుకుంటుందని మోడల్ ఇంజన్లు చేసేవాళ్లలో ఒక మాట ఉంది. అందులో నిజం ఉండొచ్చు. మా పెరటి లైను మీద మాత్రం పట్టు పోయేది ఎక్కువగా నూనె వల్లే. సిలిండర్ నూనె తడి ఆవిరితో కలిసి పట్టా మీద పడుతుంది. గుడ్డతో పట్టా తుడిచాక ఇంజన్ మునుపటి బరువునే లాగుతోంది.

టైర్లు వేయించుకునే ముందు అవి ఎందుకు అరిగాయో చూసుకోవాలి, లేకపోతే అదంతా దండగ. ఇరుసు తిరిగే గన్‌మెటల్ బుష్‌లు వదులైతే ఇరుసు లైనుకు అడ్డంగా సర్దుకోలేక ఒక మూలకు తిరిగి నడుస్తుంది, కొత్త అంచును కూడా అలాగే తినేస్తుంది. మాకు ముందు ఇరుసు బుష్‌లు రెండూ మార్చాల్సి వచ్చింది. పట్టాల సంగతీ అంతే. ఫ్లాట్ బారు పై మూల చురుగ్గా ఉంటే అది చక్రం అంచు మొదట్లో నిత్యం గీరుతూ ఉంటుంది. పెరటి లైను పొడవునా లోపలి మూలను ఆకురాయితో కాస్త గుండ్రం చేశాం. ఒళ్లు హూనమయ్యే పని అది, అయినా మొత్తం మరమ్మతులో ఎక్కువ కాలం కాపాడేది అదే అనుకుంటాను. ఇప్పుడు ఇంజన్‌ను అప్పుడప్పుడూ కుడికి కూడా తిప్పుతున్నాం, నీళ్ల తొట్టి దూరమైనా సరే.

జడ్చర్లలోనో, గద్వాలలోనో, దేవరకొండలోనో ఎవరింట్లోనైనా ఇలాంటి పాత ఇంజన్ అటక మీద ఉంటే, లేత్ షాపుకు పోయే ముందు నాలుగు కొలతలు రాసుకోండి: ఒక్కో చక్రం వ్యాసం, గుంట లోతు, అంచు మందం, ఒకే ఇరుసు మీది రెండు చక్రాల లోపలి ముఖాల మధ్య దూరం. చివరి కొలతను మూడు చోట్ల తీయండి, మూడూ ఒకటే వస్తే ఇరుసు వంగలేదు. చక్రం నిలువుగా పట్టుకుని ఊపితే ఇరుసు దగ్గర కదలిక కనిపిస్తే టైర్ల సంగతి తర్వాత, ముందు బుష్‌లు మార్పించండి. మేస్త్రీకి ఆరు రింగులు కాదు, ఎనిమిది చెప్పండి. ఒకటి ఒంకరగా ఇరుక్కున్నా, ఒకటి గుండ్రం తప్పినా, అదే కడ్డీ నుంచి అదే సెట్టింగ్‌లో కోసిన జోడీ చేతిలో ఉంటుంది.